పాల ప్యాకెట్టు మీద అనుమానం

ఆదివారం, రాత్రి పదిన్నర

ఈ వారంలో ఇది రెండోసారి. తలుపుకి తగిలించిన పాల సంచీ ఖాళీ. కాఫీ పడందే నా బుర్ర పనిచెయ్యదు కానీ, అనుమానం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎదురు ఫ్లాట్‌లోకి నెల క్రితం ఒక కుర్రాడు దిగాడు. నిన్న లిఫ్ట్‌లో వాడి చేతిలో నందిని పాల నీలం ప్యాకెట్టు చూశాను. ఇంకేం కావాలి?

"నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అంది మా ఆవిడ.

మా మేనకోడలు ఇక్కడే డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, మా దగ్గరే ఉంటుంది. ఈసారి ఫిలాసఫీ ఒక పేపరుగా తీసుకుంది. నేనేదో వేదాంతం అనుకున్నాను. మన ఇళ్ళల్లో అంతేగా, ఎవరైనా నిట్టూర్చి "పోయేటప్పుడు ఏం పట్టుకుపోతాం" అంటే వేదాంతం చెబుతున్నాడంటాం. ఈ పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండా, "అతనే తీశాడని మీకెలా తెలుసు మావయ్యా?" అంది.

"చూశాగా."

"తీస్తుంటే చూశారా?"

లేదు. ప్యాకెట్టు చూశాను. మిగతా కథ నేను కలిపాను.

ఏథెన్స్‌లో సోక్రటీస్ పని కూడా ఇదేనట. ఊళ్ళో దొరికినవాళ్ళని ఆపి ధైర్యమంటే ఏంటి, న్యాయమంటే ఏంటి అని అడగడం, వాళ్ళు ఏదో ఒకటి చెప్పగానే దాని మీద ఇంకో ప్రశ్న వెయ్యడం. "అందుకేగా విషమిచ్చారు" అన్నాను. "క్రీ.పూ. 399లో" అంది, తొణక్కుండా.

మధ్యాహ్నం దాని నోట్సు తిరగేశాను. అన్నంభట్టు అని మన తెలుగాయనే, 17వ శతాబ్దం వాడు, తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు. పిల్లలకి సులువుగా బోధపడాలనే రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. నాలాంటివాడికి అదే కావాలి. సరిగ్గా తెలుసుకోవడానికి నాలుగు దారులంటాడు: ప్రత్యక్షం (స్వయంగా చూసి), అనుమానం, ఉపమానం (పోలికని బట్టి), శబ్దం. రెండోది చూసి నవ్వొచ్చింది. మనం అనుమానం అంటే శంక. ఆయన అనుమానం అంటే లెక్క తేల్చడం. కొండ మీద నిప్పుందంటే, ఎందుకు అనాలి. పొగ ఉంది కాబట్టి. అక్కడితో వదలడు, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందా, ఎక్కడ చూశావు అంటాడు. వంటింట్లో చూశాను. అప్పుడు సరే.

నా ప్యాకెట్టుని ఇందులో పెట్టి చూశాను. తీసినవాడి చేతిలో ప్యాకెట్టు ఉంటుంది, నిజమే. కానీ నేను దాన్ని తిరగేసి నడిపాను, చేతిలో ప్యాకెట్టు ఉన్నవాడు తీసినవాడని. పొగ ఉంటే నిప్పుంటుంది కానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలని లేదు, ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో ఉండదుగా. ఇది కూడా తర్కం వాళ్ళ ఉదాహరణే. నీలం ప్యాకెట్టు బెంగళూరులో ఎన్ని చేతుల్లో ఉంటుందో మారతహళ్ళిలో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా తెలుస్తుంది. నా ఫ్రిజ్‌లోనూ ఉంది, సాయంత్రం కొన్నది. ఆ లెక్కన నేనూ దొంగనే.

ఇక శబ్దం, అంటే నమ్మదగినవాళ్ళ మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అలాంటివాళ్ళు ఎంతమందో నేను రాయను. కింద వాచ్‌మన్‌ని అడిగితే "గొత్తిల్ల సార్" అన్నాడు. పొద్దుటి నుంచి ఈ విషయంలో తెలియదన్న మనిషి అతనొక్కడే.

సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే ఎదురు కుర్రాడి వంటింటి కిటికీలోంచి తెల్లగా ఏదో లేచింది. "పొగ!" అన్నాను. కుక్కర్ విజిల్ వినిపించింది. మేనకోడలు ఏమీ అనలేదు, నవ్వింది. ఏమన్నా అనుంటే బాగుండేది.

పాలు ఎవరు తీస్తున్నారో ఇప్పటికీ తెలియదు. పాలబ్బాయే వెయ్యడం మర్చిపోతున్నాడేమో, ఆ సంగతి పొద్దున నాకు తట్టనే లేదు. రేపు ఐదింటికి లేచి తలుపు పక్కన కుర్చీ వేసుకు కూర్చుంటానని, ప్రత్యక్షంగానే తేల్చుకుంటానని ప్రకటించాను. కుర్చీ వెయ్యండి కానీ నన్ను లేపమని మాత్రం అడక్కండి అంది మా ఆవిడ.