న్యూట్రోఫిల్స్ 308: కీమో మధ్యలో నా అనుభవం

మొదటి కీమో ఎక్కించిన తొమ్మిదో రోజు సాయంత్రం నాకు 101 డిగ్రీలు దాటి జ్వరం వచ్చింది. రొమ్ము క్యాన్సరు చికిత్స మొదలుపెట్టినప్పుడే, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పి ఉండడంతో, మావారు రాజోలు దగ్గరి మా ఊరి నుంచి ఆ రాత్రే కాకినాడకు కారు మాట్లాడారు. పరీక్షలో మొత్తం తెల్లకణాలు 1,100, వాటిలో ఇన్‌ఫెక్షనుతో పోరాడే న్యూట్రోఫిల్స్ 28 శాతం, అంటే మైక్రోలీటరుకు 308 మాత్రమే అని తేలింది. 500 కంటే తగ్గితే తీవ్రమైన లోపం కిందే లెక్క. నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించి, జ్వరం తగ్గాక పంపించారు.

రెండో కీమోకు జి-సి-ఎస్-ఎఫ్ అనే ఇంజెక్షను రాశారు. మా ఊళ్లో అందరూ దానిని 'బలానికి సూది' అన్నారు గానీ, బడిలో జీవశాస్త్రం పాఠాలు చెప్పినదానిని కాబట్టి నాకు ఆ మాట మింగుడుపడలేదు. అది బలమూ కాదు, మందు రూపంలో వచ్చిన తెల్లకణాలూ కావు, న్యూట్రోఫిల్స్‌ను పెంచమని ఎముక మూలుగకు పంపే ఒక కబురు. రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్స్ ఎక్కువ కాలం నిలవవు గనుక ఎముక మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల కణాలను తయారు చేస్తూనే ఉండాలి. ఇన్‌ఫెక్షను వచ్చినప్పుడు సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లూ, రక్తనాళాల లోపలి పొర కణాలూ జి-సి-ఎస్-ఎఫ్ అనే ఈ ప్రొటీనును వదులుతాయి. అది మూలుగలోని లేత కణాల పైనున్న గ్రాహకానికి అతుక్కోగానే, కణం లోపల స్టాట్3 అనే ప్రొటీను కేంద్రకంలోకి చేరి, విభజన చెంది పరిణతి పొందడానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో శాస్త్రవేత్త డొనాల్డ్ మెట్‌కాఫ్ బృందం 1960లలో మూలుగ కణాలను అగార్ అనే జెల్లీ లాంటి పదార్థంలో గుంపులు గుంపులుగా పెంచడంతో మొదలైన ఈ అన్వేషణ, 1991లో అమెరికాలో మందుగా అనుమతి పొందేదాకా సాగింది. ఆ మానవ ప్రొటీనును మన పేగుల్లో ఉండే ఇ.కోలై జాతి బాక్టీరియా చేతనే తయారు చేయించడం నాకు ముచ్చటగా అనిపించింది.

కీమో అయిన 24 గంటల తరువాతే మొదటి సూది వేయాలన్నారు. విభజన చెందుతున్న కణాలనే కీమో చంపుతుంది కాబట్టి, ముందుగా కబురు పంపితే లేత కణాలను చేతులారా దానికి అప్పగించినట్టే అవుతుంది. సూదులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. రొయ్యపిల్లలు తెచ్చే పొరుగాయన థర్మాకోల్ పెట్టె ఇస్తే, ఐసుకు నేరుగా తగలకుండా తువ్వాలు చుట్టి కాకినాడ నుంచి తెచ్చుకున్నాము. ఆర్‌ఎంపీ గారు రోజూ సాయంత్రం వచ్చి, ఫ్రిజ్‌లో నుంచి తీసి అరగంట బయట ఉంచిన సూదిని పొట్ట మీది చర్మం కింద వేసేవారు. నాలుగో రోజుకు నడుమూ రొమ్ముటెముకా లోపలి నుంచి ఎవరో దంచుతున్నట్టు నొప్పి పుట్టాయి, పారాసిటమాల్‌తో సర్దుకున్నాను. దానికన్నా, ఇన్‌ఫెక్షను భయంతో పలకరింపుకు వచ్చినవారిని అరుగు మీదే ఆపడం కష్టమైంది.

మూడో సూది తరువాత న్యూట్రోఫిల్స్ 11,000 దాటేసరికి మావారు సంబరపడ్డారు. తొమ్మిదో రోజుకు అవి 1,200కు దిగడంతో ఆయన ముఖం వాడిపోయింది. మొదట పెరిగినవి కొత్త కణాలు కావు, మూలుగలో నిల్వ ఉన్నవే బయటికి వచ్చాయని ఆయనకు నచ్చజెప్పాను. కాలువ నీటిని చూసుకునే లస్కరు తూము ఎత్తితే కాలువలో నీరు వెంటనే పారుతుంది గానీ, నారుమడిలో నారు ఎదగడానికి దాని రోజులు దానికి పడతాయి. ఈసారి జ్వరం రాలేదు. పదో సూదితో ఆపేశారు. మూడో కీమో నాటికి లెక్క 3,900 ఉంది.

ఆ పెట్టెను తిరిగి ఇవ్వబోతే పొరుగాయన తీసుకోలేదు. "ఇంకా నాలుగు కీమోలు ఉన్నాయి గదా టీచరు గారూ, మీ దగ్గరే ఉంచండి" అన్నారు.