ఇండియా జెర్సీ కంటే ముందు నా పేరు

మొన్న రాత్రే ఇంటికొచ్చాను. ఇండియా జెర్సీ వేసుకుని రెండు మ్యాచ్‌లు ఆడాను, రెండూ కలిపితే తొమ్మిది నిమిషాలు. తక్కువనుకోకండి, సెవెన్స్ రగ్బీలో మ్యాచ్ మొత్తమే 14 నిమిషాలు, ఆడేది ఏడుగురే, గ్రౌండ్ మాత్రం పదిహేను మంది ఆడేదే. మూడో నిమిషానికే ఊపిరి అందదు.

ఆట గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నేను కబడ్డీ ఆడేదాన్ని. మా పీఈటీ మాస్టారు ఆ కోలబంతి తెచ్చి "కాళ్లు పట్టి పడేయడం వచ్చుగా, ఇదీ అంతే" అన్నారు. అంతే కాదు. ఇందులో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అది తలకెక్కడానికే ఆరు నెలలు పట్టింది. దాళ్వా వరి కోతలయ్యాక ఎండిన చేలో ప్రాక్టీసు, ఆదివారాలు అంతర్వేది ఇసుకలో పరుగులు. జిల్లా, రాష్ట్రం, నేషనల్స్, క్యాంపు. ఒడిశా అమ్మాయిల పరుగు నాకు లేదు కానీ నా పట్టు విడిపించుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, గొప్పలు కాదు, నిజం.

పాస్‌పోర్టు టెన్త్ మెమోతో ఇబ్బంది లేకుండా వచ్చేసింది. చావొచ్చింది బర్త్ సర్టిఫికెట్‌తో. వయసుకి అదే కావాలన్నారు క్యాంపులో.

తొలి కాన్పు కాబట్టి అమ్మ పుట్టింట్లో పుట్టాను. అది గోదావరి అవతల, వేరే జిల్లా. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి, ఒడ్డున దిగి, మళ్లీ బస్సు. నాన్న కొబ్బరి దింపు మానుకుని వచ్చారు. అక్కడి గుమాస్తాగారు దారంతో కుట్టిన పెద్ద రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగారు. తేదీ ఉంది, నాన్న పేరుంది, అమ్మ పేరుంది. నా పేరుండాల్సిన గడిలో చిన్న గీత.

"ఆడశిశువు అని ఉందమ్మా. పేరు ఎక్కించలేదు మీవాళ్లు."

ఎక్కించండి అన్నాం. ఏడాదిలోపైతే ఫీజు లేదట, తర్వాత 15 ఏళ్ల వరకూ లేటు ఫీజట, నాకేమో 17. "టైం అయిపోయింది, కుదరదు." నాన్న చేతులు కట్టుకుని, ఇండియాకి ఆడుతుందండీ, రగ్బీ అండీ అంటే ఆయన "రగ్బీయా? రగ్గుల వ్యాపారమేమో అనుకున్నాను" అన్నారు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అంతటితో ఆగలేదు. నా మోకాలి మీద చెక్కుపోయిన మచ్చ వైపు చూస్తూ "అసలు ఈ ఆడశిశువు ఈ పిల్లేనని గ్యారంటీ ఏంటి?" అన్నారు. ఎవరికీ తల వంచని మా నాన్న కిందకి చూస్తూ నిలబడ్డారు. ఆటలో నన్నెన్నిసార్లు ఎత్తి పడేశారో లెక్కలేదు, ఏదీ అంత గట్టిగా తగల్లేదు.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. అమ్మ ఏడుస్తూ బారసాల ఫోటో తీసి చూపించింది. పళ్లెంలో బియ్యం పోసి నా పేరు మూడుసార్లు రాశారు. రిజిస్టర్లో ఒక్కసారి రాయడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది. మీ ఇళ్లల్లో పసిపిల్లలుంటే బూరెలు పంచేముందు ఆ పని చూడండి.

ఆ తర్వాత మరో నాలుగుసార్లు గోదావరి దాటాం. రేపు రండి, సార్ మీటింగులో ఉన్నారు, అఫిడవిట్ తెండి, ఇది కాదు ఇంకోటి. ఐదోసారి నేనే ఎవర్నీ అడక్కుండా పై అధికారి గదిలోకి వెళ్లిపోయాను. టెన్త్ మెమో, ఆధార్, అఫిడవిట్ చూసి, రెండు ప్రశ్నలడిగి, మా కాగితం మీద ఆకుపచ్చ సిరాతో రెండు లైన్లు రాశారాయన. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన దగ్గరకెళ్లమని మొదటిరోజే ఒక్క మాట చెప్పుంటే నాన్నకి నాలుగు రోజుల కూలి మిగిలేది. కాబట్టి కిటికీ దగ్గర నిలబడి బతిమాలకండి, ఏం కావాలో రాసిమ్మనండి, రాయకపోతే పై గదిలోకి నడవండి.

సర్టిఫికెట్ చేతికిచ్చేటప్పుడు అదే గుమాస్తాగారు "మమ్మల్ని మర్చిపోకమ్మా" అన్నారు. ఎలా మర్చిపోతానండీ.

రేపు పొద్దున్న మళ్లీ పంటు ఎక్కాలి. తమ్ముడూ అక్కడే పుట్టాడు, వాడి గడిలోనూ గీతే ఉందట. వాడికి పద్నాలుగు, ఇంకా టైముంది.