నైట్ డ్యూటీ దిగినాక వచ్చే మనిషి

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సును. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే పొద్దున ఎనిమిది దాకా. హ్యాండోవర్ ఇచ్చి నయీంనగర్‌లో నా రూముకు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. స్నానం చేసి, ఇంత ఉప్మా తిని, పరదాలు వేసుకుని పడుకుంటాను. ఆ మనిషి వచ్చేది అప్పుడే.

కళ్లు తెరిచే ఉంటాయి. పైన ఫ్యాన్ తిరగడం కనిపిస్తుంది. పక్కింట్లో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. కానీ చెయ్యి ఎత్తుదామంటే లేవదు, అరుద్దామంటే నోరు పెగలదు. కాళ్ల దిక్కు పరుపు కుంగుతుంది. ఎవరో వచ్చి కూర్చుంటారు. ముఖం ఎప్పుడూ కనిపించలేదు. కానీ మగమనిషి అనీ, నన్నే చూస్తున్నాడనీ ఎట్లనో తెలిసిపోతుంది. తర్వాత ఆ బరువు ఛాతీ మీదికి జరుగుతుంది. ఊపిరి అందదు. ఇక పోయిన అనుకునేలోపు అన్నీ ఒక్కసారే వదిలేస్తాయి, చెమటలతో లేచి కూర్చుంటాను. గంటసేపు నలిగినట్టు ఉంటుంది గానీ, నిజానికి ఇది కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల లోపే అయిపోతుంది.

ఒకసారి ఆ మనిషికి బదులు బాపు గొంతు వినిపించింది. బాపు పోయి ఏండ్లయింది. వంటింట్లోంచి నన్ను పేరు పెట్టి పిలిచాడు. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను, ఇప్పుడు వద్దు.

మాది పరకాల దగ్గర ఊరు. అమ్మకు ఫోన్లో చెప్తే వెంటనే తేల్చేసింది. "గాలి సోకింది బిడ్డా. రాత్రంతా పోయే పానాల పక్కపొంటి తిరుగుతవు, సోకదా మరి?" దిండు కింద ఇనుప ముక్క పెట్టుకోమంది. ఆదివారం బస్సెక్కి వచ్చి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. కాజీపేట దర్గాకు తోలుకపోయి తాయెత్తు కట్టించింది. ఆ దర్గాకు మా దిక్కు అందరూ పోతారు, ఏ మతమని ఎవరూ అడగరు. ఐసీయూలో మోచేతి కింద ఏమీ ఉండకూడదు, గాజులు, వాచీ కూడా తీసెయ్యాలి. అందుకని జబ్బకు కట్టించుకున్నాను. తాయెత్తు కట్టినాక కొన్నాళ్లు ఆ మనిషి రాలేదు కూడా. ఆ కొన్నాళ్లూ నాకు డే డ్యూటీలే పడ్డాయన్న సంగతి అమ్మకు చెప్పలేదు.

దీన్ని డాక్టర్లు స్లీప్ పెరాలసిస్ అంటారు. నర్సింగ్ చదువులో దీని గురించి నాకు గుర్తున్నది ఒక్క లైను. మిగతాది మా దగ్గరికి వచ్చే న్యూరాలజిస్టు సార్‌ను అడిగి, ఇంత చదివి తెలుసుకున్నాను.

నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని 1953లో అమెరికాలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు లోకానికి చెప్పారు. అదే రెమ్ నిద్ర. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అందులోనే. కలలో కుక్క తరిమితే మనం నిజంగానే మంచం దిగి ఉరకకుండా, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం, కండరాలకు పోయే ఆజ్ఞలను ఆపేస్తుంది. గ్లైసిన్, గాబా అనే రసాయనాలు ఆ పని చేస్తాయి. కనుగుడ్లను తిప్పే కండరాలను, ఊపిరి నడిపే డయాఫ్రమ్‌ను మాత్రం వదిలేస్తుంది. మామూలుగా మెలకువ వచ్చేలోపే ఆ కట్టు విడిపోతుంది. ఒక్కోసారి మెలకువ ముందొస్తుంది, కట్టు వెనక విడుతుంది. మధ్యలో ఉన్న ఆ కొద్దిసేపే మనల్ని చంపినంత పని చేస్తుంది.

మా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న కొందరికి వెక్యురోనియం లాంటి మందు ఇస్తాం. ఒంట్లో ఒక్క కండరం కదలదు. అందుకే మత్తు సరిగ్గా ఎక్కిందా లేదా అని ముందే పదిసార్లు చూసుకుంటాం. తెలివిలో ఉండి కదలలేకపోవడం ఎంత నరకమో నాకు తెలిసినంతగా ఆ వార్డులో ఇంకెవరికీ తెలిసి ఉండదు. కాకపోతే ఆ మందు డయాఫ్రమ్‌ను కూడా ఆపేస్తుంది, మిషన్ లేకపోతే మనిషి దక్కడు. నిద్రలో డయాఫ్రమ్ ఆగదు. మరి ఊపిరి ఆడనట్టు ఎందుకుంటుందంటే, పక్కటెముకల మధ్య కండరాలు ఆ సమయంలో సరిగ్గా పనిచేయవు. భయంతో మనం గట్టిగా పీల్చబోతాం, ఛాతీ మాట వినదు. ఆ మాట విననితనమే బరువులాగా తోస్తుంది. అంతసేపూ ఊపిరి తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఇది తెలిసిన రోజున నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

మరి ఆ మనిషి ఎవరు? సగం మెదడు ఇంకా కలలోనే ఉంటుంది. భయాన్ని చూసుకునే అమిగ్డలా మాత్రం గట్టిగా మేలుకుని ఉంటుంది. ఒళ్లు కదలట్లేదు కాబట్టి ఎవరో పట్టుకున్నారని మెదడు కథ అల్లుకుంటుంది. ఆ కథలో పాత్ర ఎవరన్నది ఊరిని బట్టి మారుతుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుంటుందట, ఈజిప్టులో జిన్ను అంటారట. ఫ్యూజెలీ అనే చిత్రకారుడు 1781లో వేసిన బొమ్మలో, వెల్లకిలా పడుకున్న ఆమె ఛాతీ మీద ఒక పిశాచం గొంతుక్కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మను ఫోన్లో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. పరకాల మొహం చూడనివాడికి మా అమ్మ చెప్పే గాలి ఎట్లా తెలిసింది?

2011లో కొన్ని దేశాల సర్వేలు 35 కలిపి చూస్తే, మామూలు జనంలో 7.6 శాతం మందికి, విద్యార్థుల్లో 28 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చిందని తేలింది. విద్యార్థులకు ఎందుకంత ఎక్కువో హాస్టల్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నిద్ర చాలకపోవడం, వేళాపాళా లేకపోవడం, టెన్షన్. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లది కూడా అదే కథ. పైగా రెమ్ నిద్రకు శరీరం బాగా మొగ్గే వేళ తెల్లవారు జాము నుంచి పొద్దున దాకా. నైట్ డ్యూటీ చేసినవాళ్లం సరిగ్గా ఆ వేళకే, రాత్రి బాకీ అంతా నెత్తిన పెట్టుకుని పక్క మీద పడతాం. వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువగా వస్తుంది.

నాకు పనికొచ్చినవి చెప్తాను. అందరికీ ఇవే పనిచేస్తాయని మాత్రం అనను. పక్కకు తిరిగి పడుకుంటున్నాను, వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక గట్టి దిండు పెట్టుకుంటాను. తెల్లవారుజామున మూడింటి తర్వాత టీ మానేశాను. ఇది అన్నిటికన్నా కష్టమైంది, ఐసీయూలో ఆ వేళ టీ లేకుండా నిలబడడం చేసినవాళ్లకే తెలుస్తుంది. ఇక ఆ మనిషి వచ్చినప్పుడు లేవడానికి పెనుగులాడను. పెనుగులాడిన కొద్దీ భయం పెరుగుతుంది, భయం పెరిగిన కొద్దీ అతను దగ్గరికి వస్తాడు. అతని వైపు చూడను. "కండరాలు ఇంకా లేవలేదు, అంతే" అని నాకు నేను చెప్పుకుని, లోపల ఒక శ్లోకం మొదలుపెడతాను. బలంద్ జలాల్ అనే పరిశోధకుడు 2016లో ప్రతిపాదించిన పద్ధతి దాదాపు ఇట్లనే ఉంటుంది: ఇది ప్రమాదం కాదని గుర్తు చేసుకోవడం, భయపడడం వల్ల లాభం లేదనుకోవడం, మనసుకు నచ్చినదాని మీద ధ్యాస పెట్టడం, ఒళ్లు వదులుగా వదిలేసి కదలడానికి ప్రయత్నించకపోవడం. ఆయన శ్లోకం అనలేదు, అది నా సొంతం. కొందరు కాలి బొటనవేలు కదిపితే విడిపోతుందంటారు. నాకు ఒక్కోసారి పనిచేసింది, ఒక్కోసారి లేదు. విడిపోయిన వెంటనే మళ్లీ కళ్లు మూయకుండా లేచి ముఖం కడుక్కుంటాను. లేకపోతే అదే మళ్లీ పట్టుకుంటుంది.

రూమ్మేట్‌కు కూడా చెప్పి పెట్టాను. నేను మూలిగినట్టు వినిపిస్తే భుజం పట్టి కుదుపు అని. ఎవరైనా ముట్టుకుంటే చాలాసార్లు చప్పున విడిపోతుంది.

"అదంతా నీ భ్రమ" అని నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కనిపించింది నిజం కాకపోవచ్చు, పడిన భయం నిజమే. గాలి వదిలిస్తానని వేలకు వేలు గుంజేవాళ్ల మీద అంతకన్నా కోపం. అమ్మ కట్టించిన తాయెత్తుతో నాకు పేచీ లేదు, ఇంకా జబ్బకే ఉంది. అమ్మకు ఇదంతా విడమరిచి చెప్పినప్పుడు చాలాసేపు ఊకుంది. తర్వాత, తన పెండ్లికి ముందు మిరప చేనుకాడ కావలి పడుకున్నప్పుడు తనకూ ఇట్లనే అయ్యేదని చెప్పింది. "ఎవ్వలకు జెప్పలే. గాలి పట్టిన పిల్లంటే సంబంధాలస్తయా?" ఇది కుటుంబాల్లో నడిచే అవకాశం ఉందని తర్వాత చదివాను.

మొన్న మా వార్డు జూనియర్ పిల్ల ఒకతి గొంతు తగ్గించి ఇదే సంగతి అడిగింది. ఇంట్లో చెప్పలేదట, సంబంధాలు చూస్తున్నారట. అమ్మ కాలం నుంచి అంగుళం కూడా జరగలేదన్నమాట. ఈ పోస్టు రాస్తున్నది ఆ పిల్ల కోసమే.

ఎప్పుడో ఒకసారి వచ్చి పోతే దీనికి మందు అక్కర్లేదు. కానీ పగలు పని మధ్యలో ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు పట్టు తప్పుతున్నా అది నార్కోలెప్సీ కావచ్చు, న్యూరాలజిస్టును కలవాలి. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం ఉంటే స్లీప్ ఆప్నియా కోసం పరీక్ష చేయించుకోవాలి. దీని భయంతో పడుకోవడమే మానేస్తున్నారంటే సైకియాట్రిస్టు దగ్గరికి పోండి. గడప దాటలేని పరిస్థితి ఉంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు పక్కన పడుకునేవాళ్లను వెంట తీసుకుపోండి. మీ గురక సంగతి చెప్పగలిగేది వాళ్లే.