నాలుగు సెకన్లకే ఆరిపోయిన మంట

సంక్రాంతి సెలవుల్లో అమ్మను గండికోటకు తీసుకెళ్లాం. మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు పీకించి రెండు పడకలు, చిన్న వంటగట్టు, వెనక స్నానాల గది పెట్టించుకున్నాం. దసరా నుంచి అనంతపురంలో మా ఇంటి వేపచెట్టు కింద నిలబడే ఉండింది. బయల్దేరేముందు టైర్లు, బ్యాటరీ చూశాను గానీ గ్యాస్ గీజర్ వెలిగించి చూడలేదు.

తెల్లారి ఆరు గంటలకు కుళాయి తిప్పాను. టిక్ టిక్ టిక్. మంట అంటుకుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపే ఆరిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"సన్నీళ్లయితే నాకొద్దు నాయనా, మోకాళ్లు పట్టేస్తాయి" అంది అమ్మ.

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే "చలికి గ్యాస్ గడ్డకట్టింటాదిలే అన్నా" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మన సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది, బ్యూటేన్ ఆవిరవడం ఆగాలన్నా చలి సున్నా దగ్గరికి రావాలి. గండికోటలో అంత చలి లేదు. పైగా అదే సిలిండర్ మీద స్టవ్ చక్కగా మండుతోంది.

ఇలాంటప్పుడు విప్పే ముందు, గీజర్ ఎంతవరకు వచ్చి ఆగిపోతోందో చూడాలి. నీళ్ల ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలితేనే స్విచ్ పడుతుంది, అప్పుడే స్పార్క్ వస్తుంది. టిక్ టిక్ వినిపిస్తోందంటే పంపులో, నీళ్ల జాలీలో తప్పు లేదు. మంట అంటుకుందంటే గ్యాస్ వస్తోంది. సెల్లులు నీరసపడినా మంట నిలవదు కాబట్టి రెండు పెద్ద సెల్లులూ కొత్తవి వేశాను. మార్పు లేదు. ఇక మిగిలింది, మంట ఉందో లేదో కనిపెట్టే సన్నటి కడ్డీ. దానికి మంట సరిగ్గా తగలకపోతే గీజర్ తనే గ్యాస్ కట్టేసుకుంటుంది.

ముందున్న చిన్న అద్దంలోంచి చూస్తే మంటలన్నీ నీలంగా ఉన్నాయి, కడ్డీ కింద ఉన్నది మాత్రం పసుపుగా, పక్కకి వాలిపోతోంది. గాలి అందడం లేదన్నమాట.

రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ తీసిపెట్టి అరగంట ఆగాను. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. మూత విప్పితే ఆ బర్నర్ గొట్టం మూతిలో తెల్లటి సాలెగూడు, దూదిపింజంత. పాత టూత్‌బ్రష్‌తో తీసి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్‌లో మాత్రం పిన్ను పెట్టకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వస్తుంది. మసిపట్టిన కడ్డీని సన్న ఎమరీ కాగితంతో రుద్దాను. అన్నీ బిగించి, రెగ్యులేటర్ తెరిచి, జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు పూసి చూశాను. బుడగలు రాలేదు.

పసుపు మంటను తేలిగ్గా తీసుకోవద్దు. సరిగా మండని గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. మా గీజర్ బండి వెనక, బయటికి తెరుచుకునే పెట్టెలో ఉంది. మీ ఇంట్లో బాత్రూం లోపలే పెట్టి ఉంటే దయచేసి ఈ వారమే బయటికి మార్పించండి.

కుళాయి తిప్పాను. మంట నీలంగా నిలబడింది. ఎనిమిదింటికి అమ్మ తల తుడుచుకుంటూ దిగి, "పదండి, ఆ లోయేందో సూద్దాం" అంది.