గోలీగాడి ముక్కుకి పని దొరికిన రోజు

ఆదివారం. రాత్రి పది దాటింది. మా బీగిల్ కుక్క గోలీ నా కాళ్ళ దగ్గర పడుకుని గురక పెడుతున్నాడు. వాడికిప్పుడు 14 నెలలు, ఈ పద్నాలుగు నెలల్లో తొమ్మిదిన్నరకల్లా తనంతట తను పడుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకే ఈరోజు జరిగింది మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున అయిదింటికే తడి ముక్కు నా చెంపకి ఆనించి లేపేశాడు. మార్చి వచ్చిందంటే విశాఖలో ఏడున్నర దాటాక బయట నడవడం మనుషులకే కష్టం. అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కని నడిపించకూడదని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి మా షికార్లన్నీ ఎండ రాకముందు, ఎండ పోయాక. పోయిన నెల టీకాకి తీసుకెళ్ళినప్పుడు ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. గోలీ బరువు 12 కిలోల 800 గ్రాములు ఉంది, వాడి ఎత్తుకి 11 దాటకూడదు. బీగిల్‌కి ఎంత పెట్టినా చాలదు, పొట్ట నిండిందని అది ఎప్పుడూ చెప్పదు, చూసుకోవాల్సింది మీరేనమ్మా అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది.

అప్పటి నుంచి వాడిని పరిగెత్తించడమే పనిగా పెట్టుకున్నాను. పొద్దున బీచికి, సాయంత్రం కాలనీ చుట్టూ, రాత్రి మేడ మీద బంతి. బంతి విసిరితే రెండుసార్లు తెస్తాడు, మూడోసారి దారిలో ఏదో వాసన తగిలి అక్కడే నిలబడిపోతాడు. గంటసేపు నడిచి ఇంటికొచ్చాక నాకు కాళ్ళు లాగేస్తుంటాయి, వాడు మాత్రం చెప్పు నోట కరుచుకుని హాలంతా చుట్లు కొడుతుంటాడు. ఇంకా ఎక్కువ తిప్పాలేమో, ఎక్కువ పరిగెత్తించాలేమో అనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

లాసన్స్ బే దగ్గర ఇసుకలోకి దిగేసరికి తూర్పున ఎర్రబడుతోంది. ఒంటికి తొడిగే పట్టీకి, అదే హార్నెస్‌కి, పది మీటర్ల తాడు కట్టి వదిలాను. తాడు లేకుండా వదిలే ప్రశ్నే లేదు. జనవరిలో ఒకరోజు గేటు తెరిచి ఉన్న రెండు నిమిషాల్లో బయటికి పోయాడు, రెండు గంటలు వెతికాం, మా అబ్బాయి ఏడుస్తూ వీధి వీధి తిరిగాడు, చివరికి రెండు సందుల అవతల కోడిమాంసం కొట్టు వెనక దొరికాడు. నేను పిలిచిన పిలుపు వినబడలేదని కాదు. ముక్కు నేలకి ఆనిందంటే వాడికి ఇంక వేరే ప్రపంచం ఉండదు. ఆ రెండు గంటల టెన్షన్ నా గుండెల్లోంచి ఇంకా పోలేదు.

నీళ్ళ అంచునే నడుచుకుంటూ పెద్ద జాలారిపేట వైపు వెళ్ళాం. అలలంటే వాడికి ఇష్టమే కానీ ఉప్పునీళ్ళు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, అందుకని మంచినీళ్ళ సీసా, స్టీలు గిన్నె నా సంచీలో ఎప్పుడూ ఉంటాయి. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నచోట గోలీ ఒక్కసారిగా ఆగాడు. తల ఎత్తి గాలిని రెండు మూడుసార్లు పీల్చాడు, ముక్కు పుటాలు అదిరాయి, తోక నిటారుగా లేచింది. అంతే, తాడు నా అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. ఎదురుగా వలల మీద ఆరబోసిన చిన్న చేపలు, నెత్తళ్ళు.

"ఓలమ్మా, కుక్కనట్టుకో! నెత్తళ్ళన్నీ తొక్కేత్తాది!" అని ఒక పెద్దావిడ లేచింది. నేను తాడు చివర కాలితో తొక్కి పట్టి, దగ్గరికి లాక్కుని, తప్పయిపోయింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ పక్కన తొమ్మిది పదేళ్ళ మనవరాలు, దానికి భయం లేదు సరికదా వచ్చి గోలీ చెవులు రెండూ చేతుల్లోకి తీసుకుంది. "దీని పేరేటి? పాపం దీనికి వాసనొచ్చేసినాది మామ్మా" అంది. ఉప్పు పట్టించిన చేప కుక్కకి పెట్టకూడదు, నేను వద్దనే లోపే ఆవిడ "ఉప్పెయ్యలేదులే, ఒకటెట్టు" అంటూ ఇసుక దులిపి ఒక నెత్తల్ని ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఆ పిల్ల దాన్ని నోటికి ఇవ్వలేదు. నన్ను కళ్ళు మూయమంది, కుక్క కళ్ళు కూడా. నేను గోలీ మొహాన్ని చీరకొంగులో దాచి కూర్చున్నాను. ఆ పిల్ల అటూ ఇటూ నాలుగైదు చోట్ల ఇసుక తవ్వి, ఒక్కచోట మాత్రం చేపని పెట్టి, అన్నీ ఒకేలా కప్పేసి, ఇప్పుడు వదులు అంది.

అప్పుడు చూశాను వాడిని. 14 నెలలుగా రోజూ చూస్తున్న కుక్కని మొదటిసారి చూసినట్టుంది. పరుగు లేదు, గెంతులు లేవు. ముక్కు ఇసుకకి అంగుళం పైన, పొడుగు చెవులు నేలని ఊడుస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. మొదటి గుంట దగ్గర ఒక క్షణం ఆగి వదిలేశాడు. రెండోది దాటాడు. మధ్యలో ఫుర్రుమని ఒక్క చీదు చీది ముక్కులోని ఇసుక వదిలించుకుని వెనక్కి తిరిగాడు. తోక చివరి తెల్ల కుచ్చు మాత్రం గిరగిరా తిరుగుతోంది. నాలుగో గుంట దగ్గర రెండు కాళ్ళతో ఒకేఒక్కసారి తవ్వి చేప బయటికి తీశాడు. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది, మామ్మ బోసినోటితో నవ్వింది. తర్వాత మేమిచ్చే బిస్కెట్ ముక్కలతో ఇంకో ఆరుసార్లు ఆడించింది. పావుగంట గడిచిందో లేదో, గోలీ నాలుక బయటపెట్టి పడవ నీడలో కూలబడ్డాడు. గంట పరుగుకి రాని అలసట!

ఇంటికి నడుస్తుంటే అదే ఆలోచన. ఇంగ్లండులో ఈ జాతిని పెంచిందే కుందేళ్ళ జాడ వాసన పట్టడానికి, గుంపులుగా వదిలితే వెనక మనుషులు నడిచి వెళ్ళేవాళ్ళు. అమెరికాలో 1984 నుంచి విమానాశ్రయాల్లో సామాన్లలో దాచి తెచ్చే పళ్ళు, మాంసం పట్టుకోవడానికి ప్రత్యేకంగా బీగిల్స్‌నే పెట్టుకున్నారు. ఇవన్నీ వాడిని తెచ్చుకునే ముందే చదివాను. చదివి కూడా, వాసన దగ్గర ఆగిన ప్రతిసారీ "పద పద" అని తాడు లాగుతూ వచ్చాను. వాడికి ఇష్టమైన పని మధ్యలో రోజూ చెడగొట్టానని తలుచుకుంటే బాధేసింది.

మధ్యాహ్నం ఏమీ లేదు, ఫ్యాను కింద అందరం నిద్ర. సాయంత్రం మావాడు మేడ మీద కుండీల్లో కర్రలు గుచ్చి వంకరటింకర దారి చేశాడు, రెండేసి ఇటుకల మీద చీపురుకర్ర పెట్టి గెంతించాడు. ఇంకా ఎత్తు పెడతానంటే వద్దన్నాను, ఏడాదిన్నర దాటి ఎముకలు గట్టిపడేదాకా ఎత్తు గెంతులు వద్దని డాక్టరుగారి మాట. నాలుగు చుట్లకే గోలీకి విసుగొచ్చింది. అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచారు.

నాన్న సంగతి రాయాలి. గోలీ బరువులో ఆయన వాటా చాలానే ఉంది, జేబులో చేగోడీలు పెట్టుకుని ఎవరూ చూడనప్పుడు పెడుతుంటారు, అడిగితే "అలా చూస్తుంటే ఎలా తింటానే" అంటారు. ఆయనకి షుగరు. రోజూ అరగంట నడవమని చెప్పి మూడేళ్ళయింది, గేటు దాటరు. ఈరోజు పొద్దున జరిగింది చెప్పాను కదా, అది విని, గోలీ రాత్రి తిండిలోంచే ఓ గుప్పెడు గింజలు గిన్నెలో కొలిచి అడిగి తీసుకున్నారు. కోడిగుడ్ల అట్టలో కొన్ని, పాత తువ్వాలు మడతల్లో కొన్ని, తులసికోట వెనక రెండు, మెట్ల మీద ఒక్కోటి. అన్నీ దాచడానికి మేడ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగారు. గోలీ ఒక్కోటి వెతికి తీస్తుంటే "అదిగో, అదిగో, అరె దాటిపోయావురా, వెనక్కి రా" అని చిన్నపిల్లాడిలా అరిచారు. చివరి గింజ ఆయన లుంగీ మడతలో దొరికింది.

తర్వాత గోలీని ఎత్తుకుని తూకం మిషను ఎక్కాను, మళ్ళీ ఒక్కదాన్నీ ఎక్కి నా బరువు తీసేశాను. 12 కిలోల 300. నెలలో అర కిలో తగ్గాడు. చెవుల్లో ఇసుక ఉంటే చీము పడుతుందని పొడి దూదితో పైపైన తుడిచాను, వేళ్ళ సందుల్లో ఇసుక దులిపాను, అదంతా చేస్తుండగానే నిద్రపోయాడు.

ఇందాక మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే నాన్న గది లైటు వెలుగుతోంది. "రేపు ఎన్నింటికి బయల్దేరతారే?" అని అడిగారు. అయిదున్నరకి నాన్నా అన్నాను. "లేపు" అన్నారు. ఎప్పుడో కొనిచ్చిన కాన్వాస్ బూట్లు అట్టపెట్టెలోంచి బయటికొచ్చి గుమ్మం దగ్గర గోలీ తాడు పక్కన ఉన్నాయి.