పాజిటివ్ సరే, ఏ వైరస్?

మా కుక్కపిల్ల జాజికి రెండున్నర నెలలు. డిస్టెంపర్ అని కుక్కల్ని చంపే వైరస్ జబ్బుకి టీకా వేయించిన వారానికి దగ్గు, ముక్కు కారడం, ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. మామూలుగా అయితే అంత కంగారు పడేదాన్ని కాదు. కానీ అప్పటికే సఖినేటిపల్లిలో మా వీధి కుక్కలు వరసగా పోతున్నాయి. కళ్ల నిండా పసుప్పచ్చ పుసి, నోట్లో ఏమీ లేకుండానే దవడలు టకటకలాడించడం, చివరికి ఫిట్స్.

పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో డాక్టరు గారికి చూపించాం. ఆయన కింది కనురెప్ప లాగి, లోపల స్వాబ్‌తో రుద్ది, ట్యూబులో వేసి ఐసు పెట్టెలో సర్దారు. వేడికి శాంపిల్ పాడైపోతుందట. మా ఎండలకి చెప్పాలా! పరీక్ష ఆర్‌టీ పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు మా అత్తయ్య గారికి కూడా వచ్చు. రిపోర్టు పాజిటివ్ వచ్చింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. డాక్టరు గారు మాత్రం తాపీగా, "ఏ వైరసో ఇందులో రాయలేదు కదమ్మా" అన్నారు. టీకా సీసా తీసి చూపించారు. అడుగున తెల్లటి ఎండు బిళ్ల. డబ్బాలోని కాగితం మీద చిన్న అక్షరాల్లో ఆండర్‌స్టెపూర్ట్ అని ఉంది. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా దగ్గర, 1908లో పశువైద్య పరిశోధన సంస్థ పెట్టిన చోటు అది. కోడి పిండాల్లో, తర్వాత ల్యాబ్ కణాల్లో పెంచగా పెంచగా జబ్బు చేసే పదును పోయిన వైరస్ రకం (స్ట్రెయిన్) ఇది, ఆ చోటు పేరే దీనికి పెట్టారు. చచ్చిన వైరస్ కాదు, బతికున్నదే. ఒంట్లో కాస్త పెరుగుతుంది కాబట్టే టీకా పనిచేస్తుంది, కాబట్టే తర్వాత కొన్ని వారాలు పీసీఆర్‌లో కనపడొచ్చు. మామూలు పీసీఆర్‌కి వీధి వైరస్, సీసా వైరస్ రెండూ ఒకటే. తేడా తేలాలంటే వైరస్ జన్యువుని వరసగా చదివే సీక్వెన్సింగ్ లాంటిది చేయించాలి. "అదొచ్చేసరికి మీ కుక్కపిల్ల పిల్లల్ని పెడుతుంది" అని నవ్వారాయన.

రిపోర్టులో సీటీ అని ఒక అంకె ఉంది. అది ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ. మా అంకె బాగా ఎక్కువే ఉంది, అంటే వైరస్ తక్కువే. కొన్నాళ్లాగి మళ్లీ తీద్దాం, అంకె పెరిగితే మంచిదే అన్నారు.

ఆ మధ్య రోజులే నరకం. సలహాలకి కొదవ లేదు, వెల్లుల్లి దగ్గర్నుంచి నాటుసారా దాకా. ఈ వైరస్‌ని నేరుగా చంపే మందు లేదు. సెలైన్, యాంటీబయాటిక్, ఫిట్స్ మందు అన్నీ పక్క వాయిద్యాలే. ఈ జబ్బులో అరికాళ్లు, ముక్కు గట్టిపడతాయని విన్నాక రోజూ లేవగానే జాజి పాదాలు నొక్కి చూసేదాన్ని. అది ఆటనుకుని వేలు కొరికేది. వైరస్ సబ్బుకే చస్తుందంటే గిన్నె, గోనెపట్టా రోజూ ఉతికి ఎండలో పడేశాను.

రెండో శాంపిల్ నెగటివ్. దగ్గు అప్పటికే తగ్గింది, అది వేరే మామూలు దగ్గేనన్నారు. ఒక డోసుతో ఊరుకోవద్దని గట్టిగా చెప్పారు: తల్లి పాలతో వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ని కూడా అణిచేస్తాయట, అందుకే 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. అప్పటిదాకా వీధిలోకి వదలొద్దన్నారు. ఆ మాట జాజికి ఎవరు చెప్తారు, పొద్దస్తమానం గేటు గీకుతోంది.