చిన్న బి, పెద్ద బి

మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్ ఉంది. తమ్ముడి పెళ్లి వీడియోలు 180 జీబీ ఉంటే, డల్లాస్‌లో ఉన్న అక్క కోసం క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. కాసేపటికే పక్క గదిలోంచి మా ఆవిడ, "ఏమండీ, మీటింగ్ ఆగిపోయింది" అంది.

సరే, అప్‌లోడ్‌కి 20 ఎంబీపీఎస్ చాలనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో లిమిట్ పెట్టే గడి ఉంది. గడి పక్కన కేబీ అని ఉంది. కే అంటే కిలో, మెగాకి వెయ్యి కిలోలు కాబట్టి 20,000 కొట్టాను. ఏమీ మారలేదు. ఆ బి ఇంగ్లిష్ పెద్దక్షరమని చూసుకోలేదు. పెద్ద బి అంటే బైట్, చిన్న బి అంటే బిట్. నెట్ స్పీడు చెప్పే ఎంబీపీఎస్‌లో ఉన్నది చిన్న బి. ఒక బైట్‌కి 8 బిట్లు. అంటే నేను పెట్టిన లిమిట్ 160 ఎంబీపీఎస్. కాలువ కంటే వెడల్పైన తూము పెట్టి, నీళ్లకి అడ్డుకట్ట వేశాననుకున్నాను. తెలుగులో రాసినా, ఫోన్లో చెప్పినా రెండూ 'బి'యే కదా, అదో తంటా.

మర్నాడు మా అన్నయ్య కొడుకు "బాబాయ్, 8తో భాగించాలి" అన్నాడు. భాగించి 2,500 పెట్టాను. అది కరెక్టే. అక్కడితో ఆగితే బాగుండేది. అదే ఊపులో రూటర్‌లోకి వెళ్లి, మొత్తం బ్యాండ్‌విడ్త్ గడిలోనూ 100ని 8తో భాగించి 12,500 పెట్టాను. ఆ గడి అడుగుతున్నది కిలోబిట్లు! ఇల్లంతా కలిపి పన్నెండున్నర ఎంబీపీఎస్ మిగిలింది. అప్‌లోడ్ ఒక్కటే దాన్ని మింగేసింది. మీటింగ్ సంగతి చెప్పక్కర్లేదు.

కంపెనీ వాళ్ల మీద చిరాకుపడి కంప్లైంట్ ఇచ్చాను. వచ్చిన కుర్రాడు లాప్‌టాప్‌ని గోడకున్న ఫైబర్ బాక్స్‌కే నేరుగా తగిలించి టెస్ట్ చేస్తే 94 వచ్చింది. ఆ పోర్టు 100దే, మిగతాది డేటాని ముక్కలు చేసి పంపే ప్రతి ప్యాకెట్‌కీ ముందు తగిలించే చిరునామాలకీ వాటికీ పోతుందన్నాడు. తర్వాత రూటర్ పేజీ తెరిచి, "ఈ 12,500 ఎవరు పెట్టారండీ?" అన్నాడు. నేను మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లాను.

అక్కడ 90,000 పెట్టాక అంతా సర్దుకుంది. ఒకప్పుడు ఫోన్ లైను మీద 56 కేబీపీఎస్ మోడెం వాడేటప్పుడు డౌన్‌లోడ్ 5 అని చూపిస్తే, లైను పాతదని తిట్టుకునేవాణ్ణి. పాపం, ఆ లైను బాగానే పనిచేసినట్టుంది.

వీడియోలు ఎక్కడానికి 20 గంటలు పట్టింది. లింకు పంపిన కాసేపటికి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మాది 300 ప్లాన్ కదా, డౌన్‌లోడ్ 35 అనే చూపిస్తోందేంట్రా?"

"అక్కా, పక్కనున్న బి చిన్నదా, పెద్దదా?" అన్నాను.